డ్రిల్ సారు ఎత్తిన వేలు

మన అపార్ట్‌మెంట్ డ్రిల్ సారు మంగళవారం పొద్దున పోయారు. కార్యదర్శి గారూ, నోటీసు బోర్డు మీద మీరు రాసినదాంట్లో ఒక తప్పుంది. ఆయన అనారోగ్యం వల్ల మన ఆదివారం క్రికెట్‌కు అంపైరింగ్ మానుకోలేదు. మనమే మాన్పించాం.

హఫీజ్‌పేట్ బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఆరోగ్యానికేం, మీరంతా ఫోన్లు చూసుకుంటూ లిఫ్టు కోసం నిలబడితే, ఆయన మెట్లెక్కి నాలుగో అంతస్తు చేరుకునేవారు.

క్లబ్‌హౌస్‌లో పెద్ద తెర మీద ఆ మ్యాచ్ చూసిన రోజు గుర్తుందా? బంతి వెయ్యకముందే బౌలర్ వైపు గీత దాటిన మన బ్యాట్స్‌మన్‌ను విదేశీ బౌలర్ బెయిల్స్ పడగొట్టి అవుట్ చేశాడు. క్రీడాస్ఫూర్తి చచ్చిపోయిందని కొండాపూర్ అంతా వినబడేలా తిట్టారు. నెల తిరక్కుండా మనవాడు అదే పని చేస్తే ఈలలు వేశారు. సారు మాత్రం రెండుసార్లూ ఒకే మాట అన్నారు: "గీత ఒక్కటే ఉన్నది గదా, జర చూస్కొని నిలబడాలె." రెండుసార్లూ ఆయనకు టీ ఇచ్చినవాళ్లు లేరు.

తర్వాత మన ఆదివారం ఫైనల్. సంఘం అధ్యక్షుల వారు బంతి పడకముందే రెండడుగులు ముందుకు నడిచారు, ప్రమోషన్ ఇస్తామని ఎవరో పిలిచినట్టు. బౌలర్ బెయిల్స్ పడగొట్టాడు, సారు వేలెత్తారు. వెంటనే మన ఆచారం ప్రకారం వాట్సాప్‌లో పోల్ పెట్టారు. కుక్కలు లిఫ్టెక్కవచ్చా అన్నదానికీ అదే, అంపైర్ తీర్పుకీ అదే. అధ్యక్షులు భారీ మెజారిటీతో నాటౌట్ అయ్యారు. ఆ మరుసటి వారం నుంచి సారుకు పిలుపు లేదు.

నేనేం తక్కువ తినలేదు. కాలేజీలో ముప్పై ఏళ్లు తర్కం బోధించినదాన్ని, నా మనవడు అధ్యక్షుల జట్టులో ఉన్నాడని నేనూ నాటౌటే నొక్కాను. మర్నాడు పాల ప్యాకెట్ల దగ్గర ఎదురుపడితే తల తిప్పుకున్నాను. ఆయనే పలకరించారు.

"ఫికర్ జెయ్యకక్కా. నువ్వు మనవడి దిక్కు జూసినవ్, నేను గీత దిక్కు జూసిన."

అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు. తప్పయిందని చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఏడాది గడిపాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

కప్పుకు ఆయన పేరు పెడతారట మీరు. ఆయన తీర్పు నిలబెట్టలేనివాళ్లకు ఆయన పేరెందుకు? అంతకన్నా చేయదగిన పని ఒకటుంది. మన గేటు దగ్గర ఇస్త్రీ బండాయన నిన్న చెప్పాడు, మనం పిలవడం మానేశాక కూడా సారు ప్రతి శనివారం తన అంపైరు తెల్లకోటు ఇస్త్రీకి ఇచ్చేవారట. పోయిన శనివారం ఇచ్చింది బండి దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం ఆరింటికి బండి కట్టేసేలోపు వెళ్లి తెచ్చి సారు వాళ్లావిడ చేతికివ్వండి. హ్యాంగర్‌తోనే పట్టుకెళ్లండి, మడత పెట్టకండి.