మందు రాకముందే పథ్యం

మా తమ్ముడు గంపలగూడెం దారిలో షేర్ ఆటో తోలుతాడు. ఆమధ్య మనసు బాగోక మంచం దిగకపోతే, విజయవాడలో మానసిక వైద్యుడికి చూపించి, మాత్రలు వాడించి మళ్లీ ఆటో ఎక్కించాను. అలాంటివాడు ఒకరోజు తిరువూరు బస్టాండు దగ్గర మా దుకాణంలో కూర్చుని ఫోను చూపించాడు. అమెజాన్ అడవుల్లో వైద్యులు తరతరాలుగా ఒక తీగనూ ఆకులనూ కలిపి కాచి ఇస్తారట. దిగులు జబ్బుకు అది పనికొస్తుందేమోనని శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారట.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్లేదు. మన పక్కూరు వినగడపలో పోసే కామెర్ల పసరంటే మొహం చిట్లిస్తావు, అక్కడి పసరంటే కళ్లు మెరుస్తున్నాయే!" అన్నాను.

"సైంటిస్టులు చూస్తున్నారక్కా" అన్నాడు.

నాకు అనుమానం ఎక్కువ. సీలు వేసిన నూనె డబ్బానైనా ఊపి చూడందే తీసుకోను. పరిశోధన అబద్ధమని కాదు, దాని పేరు చెప్పి ఫోనులో సీసాలు అమ్మేవాళ్లంటేనే నాకు మంట. వీడు చాటుగా ఒకటి తెప్పించుకుంటాడని కాపు కాశాను. కొరియరు అబ్బాయిని నిలేశాను. ఆటో సీటు ఎత్తి వెతికాను. ఏమీ దొరకలేదు.

అయినా వాడి వాలకం మారింది. చేతులు వణుకుతున్నాయి. నిద్ర లేదు. ప్యాసింజర్ల మీద ఊరికే కస్సుమంటున్నాడు. ఎక్కడో ఆ కషాయం తాగేశాడు, ఇంకేముంది అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చింతకాయ పప్పు వడ్డిస్తే కంచం పక్కకు జరిపాడు.

"పథ్యంలో ఉన్నానక్కా."

"సీసా ఎక్కడ దాచావు?"

"మందు ఇంకా దొరకలేదు. ముందు ఒళ్లు శుద్ధి కావాలిగా? ఉప్పు, పులుపు, ఇంగ్లీషు మాత్రలు, అన్నీ మానేశా."

కామెర్ల పసరు పోయించేటప్పుడు మా అమ్మ చేసేది ఇదే. ముందు ఉప్పు మాన్పించేది, ఇంగ్లీషు మందు పారేయించేది. ఇంట్లో నేర్చుకున్నదే వాడు చేశాడు.

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ మాత్రలు ఉన్నట్టుండి మానితేనే వణుకూ చిరాకూ వస్తాయన్నారు. పరిశోధనల్లో అయితే పక్కన డాక్టర్లుంటారనీ, ఈ మాత్రల మీద ఆ కషాయం తాగితే ప్రాణం మీదికొస్తుందనీ చెప్పారు. ఆటో తోలనివ్వకుండా రేపు తీసుకురమ్మన్నారు.

"విన్నావా? నిక్షేపంలా ఉన్నవాడివి, నీకెందుకొచ్చిన తీగలురా?" అని అరిచాను.

వాడు కంచం వైపే చూస్తూ అన్నాడు. "మాత్రలేసుకుంటే ఏడుపు ఆగిందక్కా. బతకాలని మాత్రం అనిపించట్లేదు. ఆ కషాయమైనా అనిపించేలా చేస్తుందేమోనని."

వాడి పక్కన కూర్చున్నాను. "ఈ మాట డాక్టరుగారికి చెప్పావా?" అని అడిగాను.

"నిద్ర పడుతోందా అనడిగారు. పడుతోందన్నా."

రేపటిదాకా ఆగలేదు. దుకాణం మూసేసి, వాడి చెయ్యి పట్టుకుని విజయవాడ బస్సెక్కాను.