పేషెంటు వేసే మార్కులు

మేమంతా చేచి, అంటే అక్క, అని పిలిచే సౌదామిని మా మెడికల్ కాలేజీలో పేషెంటు. ఆమెకు జబ్బేమీ లేదు, పదకొండేళ్లుగా ఉద్యోగమే అది. డాక్టర్లు కాబోయే పిల్లలకు మనుషులతో మాట్లాడటం నేర్పడానికి మా విభాగం నాటకాల వాళ్లను పెట్టుకుంటుంది. ఒకాయన మందులు మింగనని మొండికేసే ముసలాయన, ఒకావిడ కడుపునొప్పి. చేచికి మాత్రం ఎప్పుడూ ఒకటే వేషం. అందులో ఆమె పేరు అమ్మిణి, మొగుడు భాస్కరన్ లారీ డ్రైవరు. డాక్టరు వచ్చి భాస్కరన్ పోయాడని చెప్పాలి, ఆమె వినాలి. ఒక్కో పూట పద్నాలుగుసార్లు మొగుణ్ణి పోగొట్టుకునేది.

"ఎందాకా వచ్చింది చేచీ?" అని నేను ఆట పట్టిస్తే, "తొమ్మిదిమందిని సాగనంపా. సులైమాని టీ పట్రా ప్రేమా, గొంతెండిపోతోంది," అనేది.

నేను అక్కడ గుమస్తాను. పరీక్షల రోజున ఎనిమిది నిమిషాలకోసారి గంట కొట్టేదీ నేనే.

అంతకుముందు ఇరవై ఏళ్లు ఆమె కోజికోడ్ నాటక సమాజంలో వేషాలు వేసింది. భర్త వాసు అదే సమాజంలో లైట్లు చూసేవాడు. ఆయన వెలుగు ఎక్కడ వేస్తే అక్కడ నిలబడి ఏడ్చేదట. సమాజం మూతపడ్డాక ఆమె ఇక్కడికి వచ్చింది, ఆయన బస్టాండు దగ్గర లాటరీ టికెట్ల బల్ల పెట్టుకున్నాడు.

విద్యార్థులంటే ఆమెకు జాలి లేదు. వేషం అయిపోగానే మొహం తుడుచుకుని, అబ్బాయిలైతే మోనే, అమ్మాయిలైతే మోళే అంటూ మొదలుపెట్టేది. "మా ఆయన చావు చెప్తూ గోడ గడియారం చూశావు మోనే. ఆ కాగితం రుమాలు కుక్కకి బిస్కెట్టు వేసినట్టు నా ఒళ్లో పడేశావు. ఇంటికెళ్లి మీ అమ్మ ముందు కూర్చుని నేర్చుకో." కుర్రవాళ్లు చెవులెర్రబడి వెళ్లేవాళ్లు. మళ్లీ వారం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

దయను ఏడు ముక్కలుగా చేసి కాగితం మీద అచ్చేయించింది మా ప్రొఫెసర్ జయశంకర్ గారు. ఫోను ఆపాలి, కుర్చీ దగ్గరికి లాక్కోవాలి, పేరు అడగాలి, వాళ్లకేం తెలుసో అడగాలి, చనిపోయారన్న మాట తిన్నగా అనాలి, కాసేపు మౌనంగా ఉండాలి, బాధ అర్థమైందని చెప్పాలి. వీటికి ఆయన పదిహేను మార్కులు వేస్తారు. మిగతా పది పేషెంటు వేస్తుంది. మొదట్లో ఆ కాగితం చూసి నవ్వొచ్చింది. కానీ అది లేని రోజుల్లో మా అమ్మ పోయిన సంగతి నాకు వార్డు ఊడ్చే ఆవిడ చెప్పింది. అందుకని నోరు మూసుకున్నాను.

ఒక సోమవారం వాసుకు బల్ల దగ్గరే గుండెనొప్పి వచ్చింది. మా ఆసుపత్రికే తెచ్చారు. బయట కూర్చున్న చేచి దగ్గరికి వచ్చిన డాక్టరు సనూప్. ఐదేళ్ల క్రితం ఆమె దగ్గర పదికి పది తెచ్చుకున్న పిల్లవాడు.

ఆ సంగతి తర్వాత ఆమే చెప్పింది. గొంతులో ఏమీ లేదు, కూరగాయల ధర చెప్తున్నట్టే ఉంది.

"ఫోను ఆపాడు. కుర్చీ లాక్కున్నాడు. నేను తెలిసినా సరే, పేరు అడిగాడు. చనిపోయారని తిన్నగా అన్నాడు. మాట్లాడకుండా కూర్చున్నాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు ప్రేమా."

"నువ్వేం చేశావు?"

"లోపల్లోపలే టిక్కులు పెట్టుకుంటూ పోయా. ఏడూ అయ్యాక పది వేశా. వాడు లేచి వెళ్లాడు. తర్వాతివాడు వస్తాడేమోనని అక్కడే కూర్చున్నా."

దహనం దగ్గర ఆమె కంట చుక్క రాలేదు. నాటకాల మనిషికి సొంత ఇంటికి కన్నీళ్లు మిగలలేదని బంధువులు ఆమెకు వినబడేలాగే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెకు అదీ లేదు.

"వార్త నాకింకా అందలేదు ప్రేమా," అంది. "అందకపోతే ఎవర్ని అడగాలో తెలీట్లేదు."

పదహారో రోజు కర్మ అయిన రెండు రోజులకే చివరి పరీక్ష. వేషం మార్చమని నేను ప్రొఫెసర్ గారిని అడిగాను. వేరే మనిషి లేదు, ఆమె వద్దంటే చూద్దామన్నారు. చేచిని అడిగితే, "మొగుణ్ణి వదిలి అన్నని చంపుతారా? ఏదైనా ఒకటే. రానీ," అంది.

ఆరుగురు వచ్చి వెళ్లారు. ఆరుసార్లు కుర్చీ జరిగింది, ఆరుసార్లు "మీ బాధ నాకర్థమవుతుంది" వినబడింది. ఏడవాల్సిన చోట ఆమె ఏడ్చింది, గంట కొట్టగానే ఆపి మార్కులు రాసింది. ఎనిమిది, ఏడు, మళ్లీ ఎనిమిది. నాకు చూడబుద్ధి కాలేదు.

ఏడో అమ్మాయి నిహాల. మలప్పురం వైపు పిల్ల, ఇదే పరీక్ష రెండుసార్లు పోయింది. ఇప్పుడూ పోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి. లోపలికి రాగానే నేర్చుకున్నదంతా మరిచిపోయింది. కుర్చీ సంగతి వదిలేసి, వెళ్లి చేచి పక్కన బెంచీ మీదే కూర్చుంది. పేరు అడగలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"చేచీ, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?" అంది చివరికి.

ఆ ప్రశ్నకు స్క్రిప్టులో జవాబు లేదు.

"లేదు," అంది చేచి. "టిఫినుకి పుట్టు చేసిపెట్టా. బల్ల తెరిచేసి పదింటికొచ్చి తింటానన్నాడు," అంది.

లారీ డ్రైవరు భాస్కరన్‌కు తెరిచే బల్ల ఎక్కడిది? జయశంకర్ గారు కాగితాలు తిరగేశారు.

"చల్లారిపోయుంటుంది," అంది చేచి. "ఇంక రాడా?"

నిహాల తల అడ్డంగా ఊపింది. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి.

"చెప్పడానికి నోరు రావట్లేదా మోళే?"

"రావట్లేదు చేచీ."

"పోనీలే, నేనే అంటా. వాసుఏట్టన్ చచ్చిపోయాడు."

నిహాల ఆమె మణికట్టు పట్టుకుని "అవును" అంది. గంట నేను ఆలస్యంగా కొట్టాను.

ప్రొఫెసర్ గారు పదిహేనుకు రెండు వేశారు. చేచి పది వేసింది. పన్నెండు. పదమూడు వస్తేనే పాసు.

"ఒక్క మార్కు సార్," అన్నాను బయటికొచ్చి.

"చెప్పాల్సిన మాట పేషెంటు చేత చెప్పించింది ప్రేమా. రేపు వార్డులో ఇలా చేస్తే?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఎనిమిదో అబ్బాయి వచ్చాడు. ఫోను ఆపాడు, కుర్చీ లాక్కున్నాడు, పేరు అడిగాడు. చేచి పలకలేదు. అతను ఆగకుండా మీ భర్త గురించి మీకేం తెలుసన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"మా ఇంట్లో మనిషి పోయాడు మోనే. నేను వెళ్లాలి."

"మీ బాధ నాకర్థమవుతుంది," అన్నాడు అతను. ప్రొఫెసర్ గారు కాగితం మీద టిక్కు పెట్టారు.

నేను గంట కింద పెట్టేసి ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. వెనక ఎవరో పిలుస్తున్నా తిరిగి చూడలేదు. ఆటో ఎక్కాక ఆమె నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్లయింది?" అంది.

"పద్దెనిమిది రోజులు చేచీ."

"దహనమయిపోయింది కదా?"

"అయిపోయింది."

"కర్మ కూడా?"

"అది కూడా."

"అయ్యో ప్రేమా, అంతా నేను లేకుండానే చేసేశారా," అని చేచి ఏడ్చింది.