కళ్ళం గట్టు మీద బూట్లు

మా అమ్మాయి కాలేజీ వాళ్ళు పిల్లల్ని కొండల దగ్గరికి తీసుకెళ్ళి, డేరాలు వేసి, రాత్రికి అక్కడే పడుకోబెడతారట. పోయినసారి వెళ్ళినప్పుడు వానలో నానిపోయిన దాని తోలు బూట్లు ఇంకా ఆరలేదు. కొత్తవలసలో మా ఇంటి వరండాలో, పాత పేపర్లు కుక్కి, ఫ్యాను కింద పెట్టింది. తెల్లారి తలుపు తీసేసరికి ఆ తడి తోలు వాసన గుప్పున కొట్టింది. చిన్నతనం అనగానే అందరికీ మల్లెపూలో, కొత్త బెల్లమో గుర్తొస్తాయంటారు. నాకు మాత్రం తడి తోలు, గోరువెచ్చటి బూడిద, కిరసనాయిలు కలిసిన వాసన గుర్తొస్తుంది. ఆ వాసన నాకు గిట్టదు, కానీ తలుపు వేసుకుని లోపలికి పోలేను కూడా.

మా ఊరు శ్రీముఖలింగం అవతల, వంశధార పక్కన. వరి కోతలైపోయాక కుప్ప నూర్చి, గింజ ఇంటికి చేరేదాకా మా ఇంటిల్లిపాదీ కళ్ళంలోనే కాపురం. చేని మధ్య కాస్త మెరక చూసి, చెక్కి, నీళ్ళు చల్లి, పేడతో అలికి, చుట్టూ జానెడు గట్టు కట్టేవారు. గట్టు లోపల ఒక పక్క వరి కుప్ప, ఇంకో పక్క తాటాకుల పాక, పాక ముందు నెగడు. పగలంతా వరి పనల దుమ్ముకి ఒళ్ళు దురదలు పెట్టేది, పొద్దు వాలితే మంచు దిగేది, నెగడు చుట్టూ చేరి తేగలు కాల్చుకుంటూ, బూడిదలో చిలగడదుంపలు పొర్లిస్తూ, చోడి అంబలిలోకి ఎండునెత్తళ్ళు నంజుకుంటూ ఉంటే ఇంటికెళ్ళాలని ఎవరికీ ఉండేది కాదు. బడి ఎగ్గొట్టినా అడిగే నాథుడు లేని రోజులవి.

ఆ కళ్ళానికి నాయనమ్మ పెత్తనం. లక్ష్మి ఉండే చోటని, గట్టు దాటి లోపలికి చెప్పుల కాలు పెట్టనిచ్చేది కాదు. ఎంత పెద్దమనిషి వచ్చినా గట్టు బయట విడవాల్సిందే. మా ఊళ్ళో అందరి కళ్ళాలకీ అదే ఆచారం, కాకపోతే మిగతా ఇళ్ళల్లో ఈ బూట్ల గొడవ లేదు.

బూట్లు మా మావ ఇచ్చినవి. అమ్మకి తమ్ముడు, మిలటరీలో ఉండేవాడు. సెలవుకి వచ్చి ఆమదాలవలసలో రైలు దిగినప్పుడు ట్రంకు పెట్టెతో పాటు ఒక జత పాత బూట్లు భుజాన వేలాడేసుకొచ్చి నాన్నకి ఇచ్చాడు. నాన్న అదృష్టమేమో గానీ సరిగ్గా సరిపోయాయి. చుట్టుపక్కల చేలల్లో అందరూ ఉత్త కాళ్ళతో తిరుగుతుంటే మా నాన్న ఒక్కడూ టకటకమని గట్ల వెంబడి నడిచేవాడు. "కలెక్టరుగారొత్తన్నారర్రోయ్" అని ఎగతాళి చేసేవారు. చేయనీ. వరి మొదళ్ళు గుచ్చుకోవు, తేళ్ళ భయం లేదు అని ఆయన మురిసిపోయేవాడు.

ఆ బూట్లకి జరిగిన సేవ నాకు జరగలేదు. సాయంత్రం కాలవలో బురద కడిగి, గుడ్డతో తుడిచి, నెగట్లో బూడిద చల్లారి గోరువెచ్చనయ్యాక పాతగుడ్డలో మూటలు కట్టి లోపలికి దూర్చేవాడు. ఆ వేడికి తడి లాగేసేది. తర్వాత మూటలు తీసి, గట్టు బయట పాతిన రెండు కర్రలకి బూట్లని బోర్లించేవాడు. కర్రల నడుముకి కిరసనాయిలు తడిపిన గుడ్డపేలికలు చుట్టేవాడు, చీమా జెర్రీ పైకి పాకకుండా. పొద్దున్న తీసి, మడమలు రాయికేసి టపటప కొట్టి, పుల్ల పెట్టి లోపలంతా కెలికి, అప్పుడు గానీ కాలు పెట్టేవాడు కాదు. "బూటు నోరు నేలకి సూడాల. ఆకాశాన్ని సూసిందంటే ఏదో ఒకటి కాపరం పెట్టేస్తాది" అని నాకు చెప్పేవాడు. నాయనమ్మ మూతి ముడుచుకునేది. "ఆ తోలుకి సేసే సాకిరీలో సగం ఎడ్లకి సెయ్యరాదేటి" అనేది. వాటిని ఏనాడూ ముట్టుకుని ఎరగదు.

ఆ ఏడు కుప్ప సగం వేశామో లేదో తుపాను పట్టింది. పొద్దుగూకే వేళకి గాలి లేచింది. నాన్న, అమ్మ కుప్ప మీద బరకాలు కప్పి తాళ్ళు బిగించడంలో పడ్డారు. గట్టు బయట కర్రలు పడిపోయి బూట్లు బురదలో దొర్లాయి. నాన్నకి వాటి మీద ధ్యాసే లేదు. అప్పుడు నాయనమ్మ లేచింది. కొడుకు బూట్లు పాడైపోతాయని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. జన్మలో తోలు ముట్టని మనిషి వాటిని తెచ్చి, కొంగుతో తుడిచి, పాకలోంచి పొడిగడ్డి తెచ్చి కూరింది. పాకలో పెట్టేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ పాక గట్టు లోపల ఉంది కదా, దానికి మాత్రం ఆవిడకి మనసొప్పలేదు. గట్టు మీదే నిలబెట్టి, గడ్డి జారిపోకుండా నోరు పైకి ఉంచి, మీద పెద్ద గంప బోర్లించి రాయి పెట్టింది. ఆ రాత్రి చేలన్నీ చెరువులైపోయాయి. బొరియల్లోంచి బయటపడ్డ పురుగూ పుట్రా అన్నిటికీ గట్టెక్కగానే దొరికిన మొదటి పొడి చోటు అదే.

తెల్లారి వాన తెరిపిచ్చింది. చేలో ఇంకా ఎత్తని పనలు నీళ్ళల్లో తేలుతున్నాయి. నాన్న బూట్ల కోసం వచ్చి గంప ఎత్తి చూసి నిలబడిపోయాడు.

"ఏటమ్మా, నువ్వే ఎట్టినావేటి?"

"మరెవులెడతార్రా. నీకు తోలు, నాకు కొడుకు."

నాన్న పకపకా నవ్వాడు. అంత నవ్వు ఆయన మొహాన నేనెప్పుడూ చూడలేదు. రాయికేసి కొట్టలేదు, పుల్ల పెట్టలేదు. తల్లి చేతులారా సర్దిపెట్టిన వాటిని, ఆవిడ ఎదురుగానే అనుమానంగా దులపడం బాగోదనుకున్నాడని నా నమ్మకం. పైన గడ్డి పీకేసి కాలు దూర్చాడు. చురుక్కుమన్నట్టుంది, వెంటనే తీసి, లోపల మిగిలిన గడ్డి చూడకుండానే గట్టు మీదికి దులిపేసి, "గడ్డిపోస గుచ్చుకున్నాది" అని మళ్ళీ తొడుక్కుని పనలు ఎత్తడానికి నీళ్ళల్లోకి దిగిపోయాడు.

కాసేపటికి తిరిగొచ్చి పాక ముందు కూలబడ్డాడు. కనురెప్పలు ఎత్తలేకపోతున్నాడు. "కళ్ళేటి అలా వాలిపోతన్నాయి?" అంది అమ్మ. "రేత్రి నిద్దర్నేదు కదే" అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. అది విని నాయనమ్మ గట్టు దగ్గరికి పరిగెత్తి, దులిపిన గడ్డిని కర్రతో తిరగేసింది. కట్లపాము. చలికి ముడుచుకుని ఇంకా అక్కడే ఉంది. నాయనమ్మ కర్ర పడేసి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ మొహం నేను మర్చిపోలేను. దార్లన్నీ మునిగిపోయాయి, నాన్నని మంచం మీద మోసుకెళ్ళారు. ఆమదాలవలస ఆసుపత్రి చేరకుండానే ఊపిరి ఆగిపోయింది.

నాయనమ్మ మీద నాకు చెప్పలేనంత కోపం ఉండేది. ఆవిడ కలిపిన అన్నం తినేదాన్ని కాదు, పిలిస్తే పలికేదాన్ని కాదు. మరుసటి ఏడు మళ్ళీ కళ్ళం అలికారు. నాయనమ్మ ఇంట్లోంచి నాన్న బూట్లు పట్టుకొచ్చింది. గట్టు దగ్గర ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. దాటుకుని లోపలికొచ్చి, కళ్ళం నడిమధ్యన రెండు కర్రలు పాతించి, పేలికలు చుట్టి, బూట్లు బోర్లించింది. రోజూ పొద్దున్నే వాటిని తీసి, రాయికేసి కొట్టి, పుల్లతో కెలికి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ బోర్లించేది. తొడుక్కునే కాళ్ళు లేవు. అయినా ఆవిడ బతికున్నంత కాలం, కళ్ళం వేసిన ప్రతి ఏడూ ఆ పని మానలేదు. నా కోపం ఎప్పుడు పోయిందో తెలీదు గానీ, ఆ టపటప చప్పుడు వింటూనే పోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో కళ్ళాల్లేవు. మిషను చేలో తిరిగి, అక్కడికక్కడే కోసి, నూర్చి, గింజ రోడ్డు మీది టార్పాలిన్‌లో పోసేస్తుంది. దాని చుట్టూ చెప్పులేసుకునే తిరుగుతారు. గట్టూ లేదు, పాకా లేదు, తేగలు కాల్చుకునే నెగడూ లేదు. లక్ష్మి ఎక్కడుంటుందో మరి, అడిగేవాళ్ళూ లేరు.

వరండాలో మా అమ్మాయి బూట్లు నోళ్ళు పైకి తెరుచుకుని ఉన్నాయి. పేపర్లు పీకేసి, గుమ్మం రాయికేసి కొడుతుంటే అది నిద్రమొహంతో బయటికొచ్చింది.

"డేరాలోనైనా సరే, బోర్లించి పెట్టు. పొద్దున్న కొట్టి సూసుకోకుండా కాలెట్టకు. ఎవులు సర్దిపెట్టినా సరే. నేను సర్దినా సరే."

"నువ్వు సర్దితే భయమేటమ్మా?" అని నవ్వింది.

అదే నవ్వు, నాన్నది. బూటు దాని చేతిలో పెట్టి, నా ఎదురుగా కొట్టమన్నాను.