అమ్మ కాలేజీ చదువు

నిన్న రేపల్లెలో టిఫిన్ తింటూ చూస్తే, నేను కూర్చున్న బెంచీ మీద ఎప్పుడో మూతపడ్డ మా ఊరి కాలేజీ పేరు! గుర్తుందా మీకు, మా నాన్నగారు తెలుగు చెప్పిన ఆ పెంకుల కాలేజీ?

ఒక ఏడాది ఇన్‌స్పెక్షన్ రోజున సగంమంది విద్యార్థులు నాట్లకు పోయారు. కాలేజీ ఎత్తేస్తారన్న భయంతో నాన్నగారు అమ్మను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. అమ్మ నల్లపూసలు పైటలో దాచుకుంది. ఇన్‌స్పెక్టరు ప్రశ్నకు అందరూ తలలు దించుకుంటే, ఇంట్లో ఆ పాఠాలు వినీ వినీ ఉన్న అమ్మ లేచి గడగడా చెప్పేసింది.

"ఈ అమ్మాయిని పై చదువులకి పంపించండి మాస్టారూ!" అన్నాడాయన.

"అలాగేనండి," అన్నారు నాన్నగారు చెమట తుడుచుకుంటూ.

కాలేజీ దక్కింది, రెండేళ్ళే. తర్వాతెప్పుడో జనాభా లెక్కలాయన చదువెంతని అడిగితే, అమ్మ తడుముకోకుండా "కాలేజీ అండి" అంది.

నాన్నగారు పేపరు దించి, "ముందు బెంచీ అని కూడా రాసుకోండి" అన్నారు.