గుట్టకింద చేను మోటారు

కల్లూరులో బోరుమోటార్లకు వైండింగ్ చేసే షాపుకు ప్రోగ్రాం రాయడమే నా మొదటి ఉద్యోగం. రిపేరుకొచ్చిన మోటార్లన్నీ కంప్యూటర్లో కనబడాలని షావుకారు కోరిక. జాంగో అని ప్రోగ్రాంకు కావలసిన సరంజామా ముందే అమర్చిపెట్టే, అప్పట్లో కొత్తగా వచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో రాశాను. రికార్డులు చూసే అడ్మిన్ పేజీని అదే తయారుచేసిస్తుంది. తీరా తెరిస్తే, ప్రతి వరుసలోనూ 'మోటార్ ఆబ్జెక్ట్' అనే ఉంది; ఏ పేరు చూపాలో మనం చెప్పకపోతే అది అంతే చూపిస్తుంది.

"ఏం పాపా, అన్నీ ఒకే మాదిరి ఉండాయే! ఏది ఎవరిదో ఎట్ల తెలుస్తాది?" అని షావుకారు నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కడికక్కడే రెండు లైన్లు రాసి, రైతు పేరు, ఊరు కనబడేట్టు చేసి, ఇప్పుడు నవ్వమన్నట్టు చూశాను.

ఈసారి తిట్లు పడ్డాయి. మా వైపు ఒకే దేవుడి పేరు ఊళ్లో పదిమందికి ఉంటుంది. కోడుమూరు రైతు మోటారు, అదే ఊళ్లో అదే పేరున్న ఇంకొకాయన తీసుకుపోయాడు. అసలాయన మిరప తోట నీళ్లు లేక వాడిపోయింది. "సోమవారానికి సరిచేయకుంటే కంప్యూటరు మూలకు పెడ్తా, నువ్వూ ఇంటికి పో" అన్నాడు షావుకారు.

ఆ రోజంతా వైండింగ్ మేస్త్రీ పక్కన కూర్చున్నాను. ఆయన ఏ మోటారుకూ మనిషి పేరు చెప్పడు. "ఇది గుట్టకింద చేనుది, అది వంకపక్క బోరుది" అంటాడు. రైతులూ అట్లాగే అడుగుతారు.

"పేరెందుకు చెప్పవన్నా?" అన్నాను.

"పేరు ఎంతమందికైనా ఉంటాది పాపా. బోరు ఒక్కచోటే కదా ఉండేది."

శానా సిగ్గేసింది. మా నాన్న కూడా మా బోరును 'పడమటి చేను బోరు' అనే అంటాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. రికార్డులో చేను పేరుకు ఒక గడి కలిపాను. లిస్టులో మొదట చేను, తర్వాత ఊరు, చివర మనిషి వచ్చేట్టు మార్చాను. అంతా తెలుగులోనే.

సోమవారం మోటారు పోగొట్టుకున్న ఆ కోడుమూరు రైతే మండిపడుతూ వచ్చాడు. కంప్యూటరు దగ్గరికే రాని మేస్త్రీ చేయి తుడుచుకుని వచ్చి, తెర మీద వేలు పెట్టాడు. "గుట్టకింద చేను. ఇదో, నీదేప్పా. తీస్కపోయినాయనే తెచ్చిచ్చినాడు, తీస్కపో."

రైతు వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. కోపం ఎటు పోయిందో! "మా తాత పెట్టిన పేరు ఇది. మోటారు తీస్కపోతాండా గానీ, దీన్ని మాత్రం తీసేయాకు పాపా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే షావుకారు అందుకున్నాడు.

"తీసేయదులేప్పా. మా పాప ఈడే ఉంటాది."