గుయ్‌మనే అడాప్టర్

ఆదోని ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే మహేశ్వర్, ప్రతి పాటకూ ముందు కళ్లు మూసుకుని స్పీకర్లో గుయ్‌మనే హోరు వింటాడు. గిటార్ శబ్దాన్ని మార్చడానికి అతని కాలి దగ్గరున్న ఎఫెక్ట్ పెడళ్లన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి కరెంటు అందేలా వైర్లు అతికించినవాడు గురుదత్; ఆ హోరు అందువల్లే. నిరుడు మాధవరం దగ్గర బైకు ప్రమాదంలో చనిపోయిన స్నేహితుడు. పాట ఎత్తుకునే ముందు అతనూ గొంతులో అలాగే సన్నగా రాగం తీసేవాడు.

ఎమ్మిగనూరులో పెళ్లి కచేరీకి, పాటలు పాడే దీప కొత్త పవర్ సప్లై తెచ్చింది.

"దీంట్లో ఒక్కో పెడలుకు కరెంటు వేరేగా వస్తాదన్నా. గుయ్యిమనేదే ఉండదు, పెట్టి సూడు."

పెట్టాడు. హోరు ఠక్కున ఆగింది. దీప సంతోషంగా నవ్వింది. మహేశ్వర్ వేళ్లు మాత్రం తీగల మీద కదల్లేదు.

"ఏమైందన్నా?"

"ఇప్పుడు నిజంగా పోయినాడమ్మా గురుదత్తు," అంటూ వంగి, పాత అడాప్టర్ తగిలించాడు.