షిప్పులో వచ్చిన పిన్ని

కిరసనాయిలు వాసన తగిలితే నాకు మా నాన్న స్కూటరే గుర్తొస్తుంది. మా దీవి మీదికొచ్చిన సునామీ ఉప్పునీళ్లకు దాని ఇంజను పట్టేసింది. మెకానిక్కు మా వాకిట్లోనే ఇంజను విప్పి, క్రాంకునూ రాడ్డునూ కిరసనాయిల్లో కడిగాడు.

"పిన్ నయీ లగేగీ, భయ్యా," అన్నాడు.

ఆ రెంటినీ కలిపే పిన్ను కొత్తది కావాలట. నాకేమో "పిన్ని" అని వినబడింది.

"మద్రాసు నుంచి షిప్పులో తెప్పిస్తాలే," అన్నాడు నాన్న.

వారం రోజులు అమ్మ కొంగు వదల్లేదు నేను. షిప్పొచ్చిందని నాన్న హాడో రేవుకు వెళ్లగానే, "నాన్న పిన్నిని తెస్తున్నాడమ్మా!" అని ఏడ్చేశాను.

నాన్న తిరిగొచ్చి జేబులోంచి బొటనవేలంత ఇనప ముక్క తీశాడు. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"రావే చెల్లీ, షిప్పులో వాంతులేమైనా అయ్యాయా?"

స్కూటరు ఏ రోజు స్టార్టయిందో గుర్తులేదు గానీ, నీళ్లొచ్చి వెళ్లాక మా ఇంట్లో మొదటిసారి అందరం నవ్వింది ఆ రోజే.